మంచుకర్ర పెద్దమ్మ ముప్పై పుస్తకాలు

రోజూ పొద్దున్నే కొండెక్కి, అంకెలు గీసిన కర్ర దగ్గర మంచు ఎంత లోతుందో చూసి పుస్తకంలో రాయడం ఆవిడ ఉద్యోగం. ఊరందరికీ పెద్దమ్మే. ముప్పై ఏళ్లుగా చలికి ముక్కు ఊడిపోతున్నా ఎక్కుతూనే ఉంది. అలాంటి మనిషితో నీ కొలతలు తప్పంటే ఊరుకుంటుందా? వాతావరణ ఆఫీసు ఉత్తరంలో సరిగ్గా ఆ మాటే ఉంది. మంచు ఎప్పుడు కరుగుతుందో లెక్కగట్టే కంప్యూటరు మోడల్ ప్రకారం చలికాలం ముగిసేసరికే అక్కడ మంచు కరిగిపోవాలి. ఆవిడ పుస్తకాల్లో ఇంకో నలభై రోజులుంటోంది. అందుకని ఆ పుస్తకాలన్నీ రికార్డులోంచి తీసేస్తారట.

పెద్దమ్మకి ఒళ్లు మండింది. పుస్తకాలన్నీ సంచిలో కుక్కుకుని పట్నం దిగింది. ఆ మోడల్ నడిపేది ఎవరో కాదు, సొంత చెల్లెలి కూతురే.

"ఏమే, ఇంట్లో కూర్చుని కాకిలెక్కలు రాశాననుకున్నావా?"

"నేననలేదు పెద్దమ్మా, మోడల్ అంటోంది."

"మీ మోడల్ ఎప్పుడైనా కొండెక్కిందా? ఏదీ, చూపించు."

తెర మీద భూమంతా గళ్లు గళ్లుగా ఉంది. ఒక్కో గడి అటు యాభై, ఇటు యాభై కిలోమీటర్లు. గడి మొత్తానికీ ఒకటే ఎత్తు.

"అంటే లోయనీ శిఖరాన్నీ కలిపి సగటు తీశారన్నమాట. మా కొండని చదును చేసేసి, మంచెలా ఉందని నన్నడుగుతారా?"

ఆ సంగతి అమ్మాయికి తెలియనిది కాదు. ఇంత తేడా తెస్తుందనుకోలేదు, అంతే. గడిని ఎత్తుల వారీగా అయిదు మెట్లు చేసి, ముప్పై ఏళ్ల ఎండావానల లెక్కలతో మళ్లీ నడిపింది. రెండో రోజుకి మోడల్ గీత పెద్దమ్మ అంకెల పక్కనే బుద్ధిగా నడిచింది. పెద్దమ్మ ఆఫీసంతా వినబడేలా నవ్వింది.

"ఒక్క వారం మాత్రం కుదరట్లేదు," అంది అమ్మాయి మెల్లగా. "ఇరవై ఏడేళ్ల కిందటిది. మోడల్లో వాన పడి మూరెడు మంచు కరిగినట్టుంది. నీ పుస్తకంలో ఏడు రోజులూ ఒకటే అంకె."

పెద్దమ్మ మొహం పాలిపోయింది.

"ఆ వారం నేనెక్కలేదే. తర్వాత తోచింది రాసేశాను. ఇప్పుడన్నీ తీసేస్తారా?"

"అన్నీ ఎందుకు? ఆ ఏడు అంకెలూ కొట్టేస్తే చాలు."

పెద్దమ్మ కలం లాక్కుంది. ఏడు అంకెలూ తనే కొట్టేసి, ఒక్కోదాని పక్కనా 'కొలవలేదు' అని రాసి సంతకం పెట్టింది.

"కారణం కూడా రాయాలి పెద్దమ్మా."

"రాసుకో. చెల్లెలికి పురుడొచ్చింది. నిన్ను కింద పెట్టబుద్ధి కాలేదు."