అన్న వాటా ఫోల్డరు

మా ఇంటి పద్ధతిలో పెద్దవాడు భాగాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వేరుపడిన రోజు అన్న గిన్నెలూ మంచాలూ అట్లాగే పంచాడు. చివరికి మెట్ల కింది పెట్టె దగ్గరికి వచ్చాం. ఫొటోలూ వీడియోలూ దాచి, ఇంట్లో అందరి ఫోన్లకూ అందేలా పెట్టుకున్న హార్డ్ డిస్కుల పెట్టె అది. ఖమ్మంలో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేనే.

గొడవకు కారణం చెప్పుకోవాలంటే సిగ్గు. నీళ్ల మోటరు. అన్న నైట్ షిఫ్టు దిగి వచ్చి, ట్యాంకులో నీళ్లు లేవని ఒక మాటన్నాడు. నేను పది అన్నాను. నా నోరు అట్లాంటిది. అన్నవాళ్లు మేడ మీద, మేము కింద అయ్యాం.

పెట్టెను విరగ్గొట్టి పంచలేం కదా! అన్న రెండు ఫోల్డర్లు చేశాడు. ఒకదాంట్లో నాయన ఫొటోలు, పెళ్లిళ్లు. రెండోదాంట్లో అన్న కూతురు, పుట్టిన నాటి నుంచి.

"కోరుకోరా" అన్నాడు.

పాపను పెంచింది మేము. అన్నది బొగ్గుబాయి పని, వదిన బూర్గంపాడు బడిలో టీచరు. పొద్దున్నే పిల్లను మా చేతుల్లో పెట్టి బస్సెక్కేది. మాకు పిల్లలు లేరు. పాప మొదటి అడుగు వేసింది నా భార్య వైపే, వీడియో తీసింది నేనే. అయినా వాళ్ల బిడ్డ ఫొటోలు ఏ మొహం పెట్టుకుని కోరుకోను? "నాకు మొదటిది చాలు" అన్నాను.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? పెట్టెను నడిపే అధికారం అన్నకూ నాకూ ఇద్దరికీ ఉంది. వెంటనే లాగిన్ అయ్యి, పాప ఫోల్డరును ఎవరెవరు తెరవొచ్చో చూపే పట్టికలో నా పేరు పక్కన టిక్కు తీసేశాను. నా కంప్యూటర్‌లో మా వాటా ఒక్కటే కనబడేలా పెట్టుకున్నాను. పంచుకున్నాక తాళంచెవి మన దగ్గరెందుకని నా రోషం.

మూడేళ్లు గడిచాయి. పాప ఖమ్మంలో హాస్టల్లో చేరింది. సెలవులకు కూడా దమ్మపేటలో అమ్మమ్మ దగ్గరికే వెళ్లేది.

"ఆ మొదటి అడుగులు ఒక్కసారి చూపియ్యరాదు?" అనేది నా భార్య.

"పంచుకున్నం. ఇగ మనది కాదు."

"ఏం మనిషివయ్యా! నీ రోషం పాడుగాను!"

నాకు మాత్రం లేదా ఆశ? ఎన్నిసార్లు లాగిన్ దాకా పోయి మూసేశానో. ఒక్క టిక్కు పెడితే చాలు, ఎవరికీ తెలియదు. కానీ అది దొంగతనం అనిపించేది.

మొన్న పాప పుట్టినరోజు. నా భార్య పొద్దున్నే సేమ్యా పాయసం చేసి, పెట్టడానికి పిల్ల లేక గిన్నె ముందు కూర్చుని ఏడ్చింది. ఇక నా వల్ల కాలేదు. దొంగనైతే అయ్యానులే అనుకుని పట్టిక తెరిచాను.

నా పేరు పక్కన టిక్కు ఉంది. చూడడానికీ, కొత్తవి పెట్టడానికీ రెండింటికీ. దాని కింద నా భార్య పేరు. ఆమెకు నేనెన్నడూ ఖాతా తెరవలేదు.

ఫోల్డరు తెరిచాం. మొదటి అడుగులు ఉన్నాయి. ఆ తరువాత మేం చూడని మూడేళ్లూ ఉన్నాయి. హాస్టలు గదిలో నిలబడి కొత్త యూనిఫాం చూపిస్తూ పాప అడుగుతోంది, "బాబాయ్, పిన్నీ, మంచిగున్నదా?"

ఇద్దరం పాయసం గిన్నె పట్టుకుని మేడెక్కాం. అన్న తలుపు తీశాడు.

"ఆ టిక్కు ఎప్పుడు పెట్టినవన్నా?"

"నువ్వు తీసిన నాడే. ఒక్కసారి కూడా చూసినట్టు లేరు. మా మీద కోపం ఇంకా పోలేదనుకున్న."

నేను పాయసం గిన్నె అన్న చేతిలో పెట్టాను.

"పాప ప్రతి ఆదివారం ఫోన్ల అడుగుతది," అన్నాడు అన్న. "బాబాయి చూసిండా, ఏమన్నడు, అని."

"నువ్వేం చెప్పినవ్?"

"చూసిండు, మంచిగున్నదన్నడు అని చెప్పిన."