టాంకు దాకానే నా కెమిస్ట్రీ

నిన్న మా కోళ్లు లారీ ఎక్కాయి. బరువు బాగా వచ్చింది. అందుకే ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. మూడు వారాల క్రితం వాటిని దాహంతో చంపినంత పని చేశాను.

మీకు తెలుసుగా, విజయవాడలో ఓ కోచింగ్ కాలేజీలో పదిహేనేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. అది మానేసి మైలవరం దగ్గర మా ఆవిడ వసంత వాళ్ల పొలంలో బ్రాయిలర్ షెడ్ వేశాం. రెండు వేల కోళ్లు. పోయిన బ్యాచ్ సరిగా ఎదగలేదు. మా పశువుల డాక్టరు గారు, "తాగే నీళ్లలో కొంచెం ఎసిడిఫయర్, అదే ఆమ్లం మందు, కలపండి సార్. కడుపులో చెడ్డ బ్యాక్టీరియా తగ్గుతుంది, తిన్న మేత ఒంటబడుతుంది" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయారు. పీహెచ్ గురించి నాకు చెప్పేదేముందిలే అని, నేనే ఆయనకి పది నిమిషాలు పాఠం చెప్పి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే టాంకులో మందు కొలిచి కలిపాను. పీహెచ్ పేపర్ ముంచితే రంగు సరిగ్గా వచ్చింది. ఫోటో తీసి పాత స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టాను.

పదకొండయ్యేసరికి ఎండ ముదిరింది. కోళ్లు ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. మేత ముట్టడం లేదు. టాంకులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. పులుపు నచ్చలేదేమో అనుకుని, ఓ గ్లాసుడు నేనే తాగి చూశాను. బాగానే ఉన్నాయి. అయినా సగం వదిలేసి మామూలు నీళ్లు కలిపాను. అప్పటికీ తాగలేదు. ఇక లాభం లేదని రెండు కిలోల బెల్లం కరిగించి పోశాను.

వసంత భోజనానికి పిలవడానికి వచ్చింది.

"ఏమైందండీ?"

"టేస్ట్ ఎడ్జస్ట్ చేస్తున్నా. ఎందుకో తాగట్లేదు ఇవి."

తను షెడ్‌లోకెళ్లి, టాంకు నుంచి వచ్చే పైపుకి ఉన్న నిపుల్‌ని వేలితో నొక్కింది. కోడి ముక్కుతో పొడిచినా, మనం వేలితో నొక్కినా దాన్నుంచి నీళ్లు రావాలి. ఒక్క చుక్క రాలేదు. పక్కది నొక్కింది. అదీ అంతే.

"తాగకపోవడం కాదండీ. నీళ్లే రావట్లేదు."

పొద్దుట్నుంచి టాంకు దగ్గరే కాపలా ఉన్నాను గానీ, ఒక్క నిపుల్ కూడా ముట్టుకుని చూళ్లేదు.

ఇంట్లో ఉన్న బేసిన్లు, టబ్బులు, పళ్లేలు అన్నీ తెచ్చి నీళ్లు పెట్టాం. కోళ్లు ఒకదాని మీదొకటి పడి తాగాయి. తల పైకెత్తి గుటకలు వేస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వసంత డాక్టరు గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ముందు పైపులు కడిగారా సార్? లోపల పేరుకున్న పాచిని ఆ మందు ఊడదీస్తుంది. అదొచ్చి నిపుల్స్‌కి అడ్డం పడుతుంది. ఆ రోజు చెప్పబోయింది అదే."

"బెల్లం కూడా వేశానండీ" అన్నాను మెల్లగా.

"బెల్లమైతే పాచికి ఇంకా పండగే సార్" అన్నారు.

పైపు చివర మూత తీశాను. గంజిలాంటి జిగురు నల్లగా వచ్చి నా చొక్కా మీద పడింది. సాయంత్రం దాకా ఇద్దరం ఒక్కో నిపుల్ విప్పి కడిగాం. దేవుడి దయ, ఒక్క కోడి కూడా పోలేదు. రెండు రోజులాగి మళ్లీ మందు కలిపాం. ఈసారి నిపుల్స్ అన్నీ వసంత నొక్కి చూశాకే. వారం తిరిగేసరికి మేత తినడం పెరిగింది, కోళ్లు నిండుగా కనిపించాయి. మందు గొప్పో, శుభ్రమైన పైపుల గొప్పో గానీ, వచ్చే బ్యాచ్ మీద నాకిప్పుడు మంచి నమ్మకముంది.

ఇవాళ పొద్దున హనుమాన్ జంక్షన్ నుంచి ఓ రైతు ఫోన్ చేశాడు. "సార్, మీ కోళ్లు బాగా వచ్చాయని డాక్టరు గారు చెప్పారు. నీళ్లలో ఏం కలిపారండీ?"

ఉత్సాహం ఆగలేదు. ఆమ్లం అంటే ఏంటి, పీహెచ్ ఎంతుండాలి, అంతా వివరంగా చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

"అదంతా బాగుంది సార్" అన్నాడు. "మేడం గారున్నారా?"