జడ కాదు, చిక్కు

నా చిన్నప్పుడు నాకొక పలక ఉండేది. దాన్ని నా చేతిలోంచి లాక్కున్నది నా జుట్టు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. కానీ అరవై దాటాక, తరిగొప్పులలో ఆడవాళ్ల సాయంత్రపు బడిలో కూర్చుని, మనవరాలి పెన్సిలుతో నేను అక్షరాలు దిద్దుకోవాల్సి రావడానికి కారణం అదే. కోపం చల్లారాక ఈ సంగతి రాద్దామనుకున్నాను. చల్లారేటట్టు లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నాది రింగుల జుట్టు. తడిపితే వీపు దాకా వచ్చేది, ఆరితే భుజాల మీదికి ముడుచుకునేది. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె పొద్దున్నే కూలికి పోయేది. పోయే తొందరలో పొడి జుట్టులోనే చెక్క దువ్వెన పెట్టి నెత్తి మీది నుంచి కిందికి ఈడ్చేది. ఆ నొప్పికి భయపడి నేను మంచం కింద దూరేదాన్ని. ఒక ఏడు వానాకాలంలో నాకు జ్వరం పట్టుకుంది. ఎంతకీ లేవలేదు. లేచేసరికి తల వెనక జుట్టంతా ఒకటై, ఎండిన పిడకలా గట్టిపడిపోయింది.

అది చిక్కు. జ్వరం చెమటకు, చాప రాపిడికి, దువ్వే మనిషి లేక పడిన చిక్కు. కానీ మా వాడలో ఆ మాట ఒక్కరూ అనలేదు. జడ కట్టింది అన్నారు. మూడు పాయలు అల్లుకున్నదాన్నీ జడే అంటాం, అమ్మవారు పట్టుకుందని చెప్పుకునే చిక్కునూ జడే అంటాం. మొదటి జడ వేసుకున్న పిల్ల బడికి పోయేది. రెండో జడ కట్టిన పిల్లను ఎల్లమ్మ తల్లి పేరు చెప్పి, జోగినిని చేసి ఊరికి వదిలేసేవారు. ఆ పిల్లకు ఇక పెళ్లి ఉండదు. ఆమెకు ఎవరు ఏ అన్యాయం చేసినా అడిగేవాళ్లు ఉండరు.

మా వాడ పెద్దమనిషి వచ్చి, నా తల వంచి చూసి, దండం పెట్టాడు. దువ్వెన తగలనీయొద్దన్నాడు. బడి మాన్పించమన్నాడు. వెనక వాడలో నా ఈడు పిల్లకు అప్పటికే జడ కట్టి ఉంది, వచ్చే పండుగకు ఇద్దరినీ కలిపి అమ్మవారికి అప్పజెబుదామన్నాడు. మా నాయిన నేల చూస్తూ నిలబడ్డాడు. నా పలక తమ్ముడి చేతికి పోయింది. పెద్దవాళ్లు నాకు దండం పెడుతుంటే మొదట గొప్పగానే ఉండింది. అవ్వ ఎందుకు ఏడుస్తున్నదో అర్థం కాలేదు.

ఒక మాట అడుగుతాను. ఊళ్లో పటేలు బిడ్డకూ నాలాంటి రింగుల జుట్టే. ఆమెకూ అదే వానాకాలంలో జ్వరం వచ్చింది. మంచం పక్కన కూర్చుని, ఆమె తలకు నూనె రాసి పాయలు విడదీసింది మా అవ్వే. అవ్వ కూలికి పోయేది ఆ ఇంటికే. మరి అమ్మవారు అక్కడికి ఎందుకు పోలేదు? ఆమెకు కూలోళ్ల వాడ దారి ఒక్కటే తెలుసా? ఎల్లమ్మ తల్లి మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ బోనం ఎత్తుతాను. నా కోపమంతా ఆమె పేరు చెప్పి ఆడపిల్లలను తీసుకుపోయినవాళ్ల మీద.

కబురు తెలిసి మా మేనత్త కొడకండ్ల నుంచి వచ్చింది. మా నాయినకు అక్క. అక్కడ నేతవాళ్ల ఇళ్లలో నూలు చుట్టే పని చేసేది. ఆమెదీ నాలాంటి జుట్టే. నా తల వెనక చెయ్యి వేసి తడిమింది. తర్వాత వాకిట్లోకి పోయి, వాడంతా వినేటట్టు మా అవ్వ మీద అరిచింది.

“ఏందే మరదలా, ఎల్లమ్మ ఇంటికొచ్చి గిన్ని దినాలాయె, జర నీళ్లన్న పోసిండ్రా? గిదేనా మీ మర్యాద?”

పెద్దమనిషి పరుగున వచ్చాడు. “దువ్వెన ముట్టియ్యకు, చెప్తున్న” అన్నాడు.

“దువ్వెన ఎవలు ముట్టిస్తుండ్రు పెద్దబాపూ? తానం చేపిస్త. అమ్మకు మందారం ఇష్టమా కాదా, నువ్వే చెప్పు.”

“ఇష్టమే గని...”

“ఇష్టమే గద. ఇగ నువ్వు పోయి చుట్ట తాగు.”

అత్త గంపెడు మందార ఆకులు తెంపించి నీళ్లలో పిసికింది. నీళ్లు జిగురై తీగలా సాగాయి. నా తలకు ఆముదం పట్టించి ఆ జిగురు పోసింది. చూసేవాళ్ల కోసం పసుపూ కుంకుమా పెట్టింది. తర్వాత నన్ను ముందు కూర్చోబెట్టుకుని, వేళ్లతో కొసల నుంచి మొదలుపెట్టింది. చిక్కుపడ్డ నూలును పైనుంచి గుంజితే ముడి బిగుస్తుంది. తడి ఆరనీయకుండా, కొస నుంచి ఒక్కొక్క పోగును వదులు చేసుకుంటూ పైకి పోవాలి. “రింగుల జుట్టును పొడిగ దువ్వుడంటే దాంతోటి కయ్యం వెట్టుకునుడే బిడ్డా” అంది. కాసేపటికి అవ్వ వచ్చి రెండో పక్క కూర్చుంది. ఆమె కూడా ఒక పాయ అందుకుంది.

పొద్దు వాలేసరికి పిడక లేదు. పాత నూలు చీరతో తడి అద్దిందే గాని రుద్దనీయలేదు. పూర్తిగా ఆరాక దారాల కత్తెర తీసి, తెగి పీలికలైన కొసలను రింగు రింగూ విడిగా పట్టుకుని కోసింది. ఈ జుట్టును తడి మీద కోస్తే ఆరాక చెవుల పైకి ఎగిరిపోతుందట. తల ఊపి చూశాను. రింగులన్నీ కలిసి ఊగాయి.

పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. “జడేది?”

“నీళ్లు పోసిన. తల్లి సల్లవడ్డది, పోయింది. తొవ్వల నీకు ఎదురువడలేదా?”

ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి వెళ్లిపోయాడు.

అందరూ ఇక్కడ నవ్వుతారు. నేను నవ్వలేను. ఒక పిల్లను కాపాడటానికి పూజ చేసినట్టు నటించాల్సి వచ్చింది. ఇది ఉత్త చిక్కు అన్న నిజం మా వాడలో చెల్లలేదు. జడ పోయినా పలక తిరిగి రాలేదు. తమ్ముడు దిద్దుకుంటున్నాడు గదా, ఆడపిల్లకు మళ్లీ ఎందుకన్నారు. అమ్మవారు వదిలినా వాళ్లు వదల్లేదు.

మొన్న మా మనవరాలు జనగామలో జుట్టు పొరలు పొరలుగా కత్తిరించుకుని వచ్చింది. దానికీ నా జుట్టే వచ్చింది. ఫోన్‌లో చూసి అవిసె గింజల జిగురు కాచి రాసుకుంటుంది. ఒక పెళ్లిలో, బంతిలో మా పక్కన కూర్చున్న చుట్టాలావిడ “ఏందే, జడలు కట్టినట్టున్నది, సాపు చేపిచ్చుకోరాదు?” అంది. నాకు ఒళ్లు మండింది. “గది జుట్టు. నువ్వు బువ్వ తిను” అన్నాను.

జడ అని రాయడం తేలిక. చిక్కు అని రాయాలంటే ఒత్తు రావాలి. సాయంత్రపు బడిలో ఒత్తులు వచ్చిన రోజు నేను సొంతంగా రాసిన మొదటి మాట అదే. అత్త తెలివిని తలచుకున్నప్పుడల్లా, అత్త లేని పిల్లల గతి ఏమిటన్న ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. అది మొదటిసారి పట్టుకున్నది అత్త నా చిక్కు విప్పిన మర్నాడే.

తెల్లవారగానే మిగిలిన మందార ఆకులను లంగా ఒడిలో పోసుకుని వెనక వాడకు పోయాను. జడ కట్టిన ఆ పిల్ల వాళ్లమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నా ఒడిలోని ఆకులు చూసింది.

“పో బిడ్డా. గది అమ్మ జడ, ముట్టొద్దు.”

“జడ కాదు పెద్దమ్మా, చిక్కు” అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. నా రింగుల్లోకి చెయ్యి పోనిచ్చి, నిన్నటిదాకా పిడక ఉన్న చోట తడిమింది. సందులో ఇటూ అటూ చూసింది. నా రెక్క పట్టుకుని లోపలికి లాగి, తలుపు గొళ్లెం పెట్టి, బిడ్డను నా ముందు కూర్చోబెట్టి, నీళ్ల బిందె దించింది.

నేను కొసల నుంచి మొదలుపెట్టాను.