సీమావు కిచ్చు దూకిన సంక్రాంతి

బంగారు గని మూతపడ్డాక కేజీఎఫ్‌లో కంపెనీ ఇచ్చిన లైను ఇల్లు ఖాళీ చేసి, లక్కూరు పక్కనున్న నాయన సొంతూరికి వచ్చేశాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కాలేజీ మాన్పించి, స్నేహితురాళ్ళకు దూరం చేసి రాగిచేల మధ్యకు ఈడ్చుకొచ్చినందుకు నాయనతో సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు.

ఆయనేమో రైతు అనిపించుకోవాలని తెగ ఉబలాటపడేవాడు. వయసంతా గనిలో గడిపిన మనిషికి ఏ కార్తెలో ఏం విత్తాలో కూడా గుర్తు లేదు. పక్కవాళ్ళు దున్నితే దున్నేవాడు, వాళ్ళు కాడికి పూజ చేస్తే తనూ చేసేవాడు. ఊరివాళ్ళు ఎదురుగా "రాప్పా బంగారప్పా" అని అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన లేచి రాగానే నవ్వేవాళ్ళు. గనిలో పేలుళ్ళకు ఆయన చెవులు సగం పోయాయి. ఆ నవ్వు నాకే వినపడేది.

మా ఆశంతా అమ్మ సీమావు మీదే, ఆ జెర్సీ ఆవు మీదే. పెయ్యగా ఉన్నప్పుడు మేనమామ ఇస్తే అమ్మ సాకింది. ఆ సంక్రాంతికి అది ఎనిమిది నెలల చూడిది. అది ఈనితే డైరీకి పాలు పోసుకుని ఎట్లాగో బతకొచ్చని అమ్మ లెక్క.

సంక్రాంతి రోజు పొద్దు గుంకే వేళకు ఊరి మొదట్లో వరిగడ్డి పరిచి నిప్పు పెడతారు. దాని మీదుగా పశువుల్ని దూకిస్తారు. దాన్నే కిచ్చు అంటారు. ఏడాదంతా పశువులకు రోగం రాదని నమ్మకం.

ఆ మధ్యాహ్నం నీళ్ళకు పోతే పక్కింటామె ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తోంది. మీ సీమావుకు పూయలేదేం అని అడిగాను.

"దాన్ని యాడ తోలేది పాపా! ఎద్దులు, నాటు ఆవులే దూకేది. సీమావు బరువు, కాళ్ళు నిలవవు. ఇంగ చూడిదైతే తోలనే కూడదు. కొట్టంలోనే కర్పూరం చూపిస్తాము. మీ నాయనకు చెప్పు."

ఇంటికొచ్చేసరికి నాయన సీమావు మెడకు రంగు గాలిబుడగలు కడుతున్నాడు. నేను చెప్పలేదు. నవ్వులపాలు కానీ అనుకున్నాను. మంట దగ్గర ఎవరో ఒకరు ఆపుతారు, పదిమందీ నవ్వుతారు, ఆ సిగ్గుతో మళ్ళీ కేజీఎఫ్‌కు పోదామంటాడు అనుకున్నాను.

అమ్మ మాత్రం అడ్డం వచ్చింది. "చూడిది గదప్పా, వద్దు."

"పాతాళానికి దిగి వచ్చినోన్ని, ఈ గడ్డిమంటకు భయపడేదా?" అన్నాడు నాయన.

మంట దగ్గర ఊరంతా ఉంది. ఒక్క సీమావూ లేదు. పలుపు పట్టుకుని నాయన ముందుకొస్తుంటే అందరూ పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఒక్కరూ నోరు మెదపలేదు. నా గొంతు దాకా వచ్చిన మాటను నేనూ మింగేశాను. ఆవు మంటను చూసి బెదిరి గింజుకుంది. నాయన లాగాడు. అది దూకింది, అవతల బూడిదలో వెనక కాళ్ళు రెండూ విడిపోయి కూలబడింది. అమ్మ పెట్టిన కేక నాయన సగం చెవులకు కూడా వినపడింది.

మూడో రోజు దూడ చచ్చి పుట్టింది. తొంటి జారిన ఆవు మళ్ళీ లేవలేదు. అమ్మ ఆ ఏడాదంతా ఊళ్ళోవాళ్ళ చేలల్లో కూలికి పోయింది. మాకు చెప్పకుండా చూస్తూ నిలబడ్డవాళ్ళ చేలల్లోనే. తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

నాయన ముసలివాడయ్యాడు. సంక్రాంతి వచ్చిందంటే కిచ్చు చూడ్డానికి పోడు, గడప లోపలే కూర్చుంటాడు.

"ఊర్లో ఒక్కరన్నా ఒక్క మాట చెప్పింటే దాన్ని కట్టేసింటాను గదమ్మా," అంటాడు నాతో, ప్రతి ఏడూ.

"అవును నాయనా, పాడు ఊరు," అంటాను నేను.