పదిహేనో అడ్మిషన్

చూడామణికి కాలు ఒకచోట నిలిచేది కాదు. పాఠం చెబుతూ చెబుతూ గుమ్మం దాకా వెళ్ళి వచ్చేది. స్టాఫ్ రూములో కుర్చీ చూపించి టీ ఇస్తే కిటికీ దగ్గర నిలబడి తాగేది. జగ్గయ్యపేటలో కాపురం, నందిగామలో ఉద్యోగం. చిల్లకల్లు మీదుగా వచ్చే బస్సులో సీటు దొరికినా నిలబడే వస్తుందని మావాళ్ళు వేళాకోళం చేసేవారు. మా డిగ్రీ కాలేజీలో ఆవిడ ఎకనామిక్స్ చెప్పేది, నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నా పేరు భవానీప్రసాద్. ఒకే ఒక్క వ్యాసం అచ్చు వేయించుకోవడానికి ఐదేళ్ళపాటు ఆవిడ నన్ను ఎంత ఏడిపించిందో చెబుదామని ఇది మొదలుపెట్టాను. చెబుతూ పోతే నా సంగతి కూడా కొంత బయటపడక తప్పదు.

బయటివాళ్ళకు తెలియదు గానీ, మాలాంటి ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్ల అసలు ఉద్యోగం మే నెలలో ఉండేది. ఇంటర్ ఫలితాలు రాగానే యాజమాన్యం జీపు మాట్లాడేది. ఇద్దరిద్దరం ఊళ్ళు పంచుకుని వత్సవాయి, పెనుగంచిప్రోలు, చిల్లకల్లు అంతా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించుకురావాలి. ఒక్కో గ్రూపుకు కనీసం పదిహేనుమంది ఉండాలి. లేకపోతే గ్రూపు ఎత్తేసేవారు, దాంతోపాటు ఆ గ్రూపు చెప్పే మనిషినీ పంపేసేవారు. ఎండలో తిరిగి, ఇచ్చినవాళ్ళ ఇంట మజ్జిగ తాగి, మీ అమ్మాయికి మా కాలేజీని మించింది లేదని చెప్పేవాళ్ళం. ఏ గ్రూపులో ఖాళీ ఉంటే ఆ పిల్లకు ఆ గ్రూపే నప్పుతుందని కూడా చెప్పేవాళ్ళం.

చూడామణి పద్ధతి వేరు. తండ్రి మాట్లాడుతుండగానే లేచి, పిల్లనో పిల్లాణ్ణో పెరట్లోకి తీసుకెళ్ళి "నీకేం చదవాలనుంది?" అని అడిగేది. పిల్లను ఆ ప్రశ్న అడిగేవాళ్ళను చూడని ఇంటివాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. నాకైతే ఒళ్ళు మండేది, ఎందుకంటే పెరట్లో మంతనాలు ముగిసేదాకా ఆ తండ్రితో వానల గురించి మాట్లాడుతూ కూర్చోవలసింది నేను. జీపెక్కగానే ఆవిడ నోట్‌బుక్ తీసేది. మార్కులెన్ని, తండ్రి ఏమన్నాడు, పిల్ల ఏమంది, తానేం చెప్పింది, అన్నీ రాసుకునేది. చదువు పూర్తయ్యే ఏడు వాళ్ళకో కార్డు ముక్క రాసి, ఏమయ్యారో కనుక్కుని అదే పేజీలో చేర్చేది.

1997లో విజయవాడలో ఒక లైబ్రరీలో ఆవిడకు పాత విదేశీ పత్రిక ఒకటి దొరికింది. విద్యార్థికి ఏ చదువు చదవాలో సలహా చెప్పడం గురించే ఆ పత్రిక. దాన్ని అక్కడ అకడమిక్ అడ్వైజింగ్ అంటారట. మర్నాడు నన్ను వరండాలో పట్టుకుంది.

"చూశారా ప్రసాద్‌గారూ, సలహా చెప్పటం కూడా ఒక విద్యేనండి. దానికో పద్ధతి ఉంది, దాని మీద వ్యాసాలున్నాయి. మనం జీపులో కూర్చుని నోటికొచ్చింది చెప్తున్నాం. నా నోట్‌బుక్‌లో ఉన్నది రాస్తా. ఇంగ్లీషు మీరు చూడాలి."

సరేనన్నాను. అన్నందుకు నా ఆదివారాలన్నీ పోయాయి. ఆవిడ తెలుగులో రాసుకొచ్చేది, నేను ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి, నందిగామ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మూడు కాపీలు కొట్టించేవాళ్ళం. మొదట ఢిల్లీలోని ఒక విద్యా పత్రికకు పంపింది. మూడు నెలలకు తిరిగొచ్చింది, తమ పరిధిలోకి రాదట. హైదరాబాద్ పత్రిక పట్టికలు లేవంది. పట్టికలు గీసి మళ్ళీ పంపితే అనుభవాలే తప్ప పరిశోధన లేదంది. ఇంకో పత్రిక పదకొండు నెలలు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకుంది. ఆ పదకొండు నెలలూ ఆవిడ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. జగ్గయ్యపేట పోస్ట్‌మేన్ చిన్నబాబు వీధి చివర ఆవిడ కనపడగానే, దగ్గరికి రాకముందే లేదన్నట్టు చెయ్యి ఊపేవాడు.

"పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పటానికి పత్రికలెందుకమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ జగన్నాథరావుగారు. ఇంట్లో భర్త కుటుంబరావు కూడా ఆ మాటే అన్నాట్ట, కాకపోతే నవ్వుతూ. నేను మటుకు పైకి అనకుండా లోపల అనుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కుళ్ళు కూడా ఉంది. పదిహేనేళ్ళ సర్వీసులో నేనొక్క వ్యాసమూ రాయలేదు.

"నందిగామలో కూర్చుని నేను చెప్పేది నాతోనే పోతుందండి. ఇంకో ఊళ్ళో ఇంకో లెక్చరరు అడ్మిషన్ బల్ల దగ్గర కూర్చునే ముందు ఇది చదవాలి. అచ్చయితేనేగా చదివేది!" అనేది చూడామణి. ఆ కోరిక ఆవిడను కుదురుగా అన్నం కూడా తిననిచ్చేది కాదు.

2001 చివర్లో, ఆఖరున పంపిన పుణె పత్రిక నుంచి కవరు వచ్చింది. మూడు నెలలకోసారి కాలేజీ అధ్యాపకులు తెచ్చే పత్రిక అది. వ్యాసం చదివినవారెవరో అరపేజీ రాశారు. అందులో సారాంశం ఇది: "మీరు ముప్ఫై ఆరుమంది సంగతి రాశారు. ముప్ఫై ఆరుమందికీ మీ సలహా కలిసొచ్చింది. మీరు ఎన్నడూ తప్పు సలహా ఇవ్వలేదా? ఇచ్చి ఉంటే అది రాసి పంపండి, అచ్చు సంగతి అప్పుడు చూద్దాం."

చూడామణి ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగి వచ్చింది.

"రాజ్యశ్రీ గుర్తుందా ప్రసాద్‌గారూ?"

గుర్తులేకపోవడమేమిటి?

1996 మే నెల. ఎకనామిక్స్ గ్రూపులో పధ్నాలుగుమంది చేరారు. గడువు ఇక రెండు రోజులే. చిల్లకల్లులో ఒక రైతు ఇంటికి వెళ్ళాం. ఆయన కూతురు రాజ్యశ్రీకి ఇంటర్ లెక్కల్లో నూటికి తొంభై పైగా వచ్చాయి. పెరట్లో చూడామణి అడిగితే ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది, బీయెస్సీ చదివి లెక్కల టీచరు అవుతానని. ఆ ఒక్కరోజు చూడామణి ఆ మాటను పెరట్లోనే వదిలేసి వచ్చింది. బీయే ఎకనామిక్స్ అయితే బాగుంటుందని, అందులోనూ లెక్కలుంటాయని తండ్రికి చెప్పింది. ఆయన ఆలోచనలో పడితే నేను అందుకున్నాను. బీయెస్సీ అయితే ల్యాబులుంటాయి, అయ్యేసరికి ఐదవుతుంది, ఆడపిల్ల చీకటి పడ్డాక బస్సు దిగాలి; బీయే అయితే ఒంటిగంటకే ఇంటికి వస్తుంది అన్నాను. ఆయనకు ఆ మాట పట్టేసింది. అలా పదిహేనో అడ్మిషన్ వచ్చింది. గ్రూపూ నిలిచింది, చూడామణి ఉద్యోగమూ నిలిచింది. నోట్‌బుక్‌లో ఆ పేజీ మాత్రం ఆవిడ రాసుకోలేదు.

బీయే చదివిన పిల్ల లెక్కల టీచరు కాలేదు. రాజ్యశ్రీకి పెళ్ళయింది, కంచికచర్లలో హైవే పక్కన ఎస్టీడీ బూత్ నడుపుకుంటోంది. ఎన్ని ఊళ్ళ కోడ్ నంబర్లయినా పుస్తకం చూడకుండా చెబుతుందని బస్సుల వాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు. ప్రతి సెప్టెంబరు ఐదో తారీకునా కాలేజీకి ఫోన్ చేసేది. "మేడమ్, ఆరోజు మీరు మా నాన్నకి చెప్పబట్టే నేను డిగ్రీ చదివానండి" అనేది. ఫోన్ పెట్టేశాక చూడామణి ఆ పూటంతా వరండాలో తిరుగుతూనే ఉండేది. ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

"ఆ ఒక్కటీ వదిలెయ్యండి. ఇంకేదన్నా చిన్న తప్పు రాయండి" అన్నాను.

"చిన్నది ఏరుకుని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుందండి."

రెండు వారాల్లో రాసుకొచ్చింది. పదిహేనుమంది లెక్క, గడువు, జీపు, పెరటి మాట, అన్నీ ఉన్నాయి. నా గురించి కూడా ఒక వాక్యం ఉంది, వెంట వచ్చిన అధ్యాపకుడు బస్సు పేరు చెప్పి భయపెట్టాడని. ఇంగ్లీషు చేసేటప్పుడు ఆ వాక్యం వదిలేశాను. చూడామణి టైపు కాపీ చదివింది, నా మొహంలోకి ఒకసారి చూసింది, కలపమని అడగలేదు. అడిగి ఉంటే దెబ్బలాడేవాణ్ణి. ఆవిడ అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆరు వారాల్లో పుణె నుంచి జవాబు వచ్చింది, వేసుకుంటున్నాం అని. నేను స్టాఫ్ రూములో అందరికీ మిఠాయి తెప్పించాను. ఆవిడ ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది.

"మంచి చేశానని రాసినన్నాళ్ళూ తిరగ్గొట్టారు. చేసిన వెధవపని రాస్తే వెంటనే తీసుకున్నారు. ఆ పిల్లకి ముందు చెప్పాలండి. ఎవరో చదివే ముందే చెప్పాలి."

చెప్పాలన్న మాటకు, చెప్పడానికి మధ్య పది నెలలు గడిచాయి. సాయంత్రం జగ్గయ్యపేట బస్సు ఎక్కాల్సిన మనిషి అటు కాకుండా విజయవాడ వైపు బస్సెక్కి కంచికచర్లలో దిగేది. బూత్‌కు ఎదురుగా కాసేపు నిలబడేది. కాయో పండో కొనుక్కుని రోడ్డు దాటకుండానే తిరిగొచ్చేది. మూడుసార్లు అలా వెళ్ళానని తనే చెప్పింది. "వెళ్తే చెప్పాలి, లేకపోతే మానెయ్యాలి, ఈ తిరుగుడేంటండీ?" అని విసుక్కున్నాను. నా విసుగులో న్యాయం లేదు. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

2003 జనవరిలో పత్రిక వచ్చింది. నీలం అట్ట. నలభై ఒకటో పేజీలో వ్యాసం, పైన చూడామణి పేరు, కింద నందిగామ. ఆవిడ ఆ పేజీని ఎంతసేపు చూసిందంటే, బెల్లు కొట్టినా క్లాసుకు వెళ్ళలేదు. ఆ తర్వాత "ఇవాళే వెళ్దాం, మీరూ రండి" అంది. తప్పించుకునే దారి దొరకలేదు.

బూత్‌లో రాజ్యశ్రీ మమ్మల్ని చూసి గభాల్న లేచింది. కుర్చీలు వేసింది, ఎదురు కొట్టు నుంచి కూల్‌డ్రింకులు తెప్పించింది. చూడామణి కూర్చోలేదు. నిలబడే పత్రిక తీసి ఆ పేజీ మడిచి ఇచ్చింది.

"ఇందులో నీ సంగతి రాశానమ్మా. చదువు. చదివాక నన్ను ఏమైనా అను."

"నా గురించి పుస్తకంలో వేశారా మేడమ్!" అని ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. వేలు పెట్టి వరుస వెంట వరుస చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి వచ్చేసరికి వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. చూడామణి ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేస్తూ ఉంది. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

"అయితే మీకు ఒకళ్ళు తక్కువయ్యారనా మేడమ్?"

"అవునమ్మా."

"నేను లెక్కలే తీసుకునుంటే పాసయ్యేదాన్నా?"

కాదేమో, ఏం చెప్పగలం అనమని లోపల్లోపల చూడామణిని బతిమాలుకున్నాను. ఆ ఒక్క అబద్ధానికి ఎవరి సొమ్మూ పోదు.

"ఫస్టు క్లాసులో పాసయ్యేదానివి. ఈపాటికి ఏదో హైస్కూల్లో చెప్తుండేదానివి."

రాజ్యశ్రీ తల ఊపింది. ఎవరో విశాఖపట్నం కలపమంటే కోడ్ చెప్పి లోపలికి పంపింది. ఏడవలేదు, అరవలేదు. పత్రిక మళ్ళీ తెరిచి, తన సంగతి ఉన్న చోట పైనుంచి కిందికి వెతికింది.

"ఇందులో నా పేరు లేదేంటండీ?"

"పిల్లల పేర్లు వెయ్యరమ్మా. అది ఆ పత్రికల పద్ధతి" అంది చూడామణి.

రాజ్యశ్రీ నలభై ఒకటో పేజీ తిప్పి, పైన పెద్దక్షరాల మీద వేలు పెట్టింది.

"మీ పేరు వేశారుగా" అంది.

చూడామణి అక్కడున్న కుర్చీలో కూలబడింది.