సర్దార్ కాక సుద్దముక్క గుర్తు

మా పక్క క్వార్టర్‌లో ఉండే సర్దార్ కాక పోయిన నెలలో కన్నుమూశాడు. పొద్దున్నే చెల్లె, అంటే కాక బిడ్డ, మా తలుపు కొట్టి "అన్నా, బాపు లేస్తలేడు, ఒక్కసారి రావా" అంది. దవాఖానలో నర్సుగా పనిచేసే నా భార్య నాకంటే ముందు పరుగెత్తింది. ఆయన చేయి పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టి, వెళ్లి కాక భార్య, మా చిన్నమ్మ, పక్కన కూర్చుంది. దాంతో మాకు సంగతి తెలిసిపోయింది.

ఏడ్చాను, అందులో దాచుకునేదేమీ లేదు. కానీ ఏడుపు ఆగాక మనసు తేలికపడింది. బొగ్గుదుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఆయనవి. చివరికి దవాఖాన మంచం మీద గాలి అందక కొట్టుకుంటాడేమోనని మేమంతా లోలోపల భయపడుతూనే ఉన్నాం. అలా జరగలేదు. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరిందని తెలుసుకుని, నిద్రలోనే వెళ్లిపోయాడు. ఇంతకంటే ఏం కోరుకుంటాం?

కాక గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో సర్దార్‌గా చేశాడు. బాయిపని, అంటే గనిపని, తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కార్మికులు పనిచోటికి వెళ్లేముందు సర్దార్ ఒక్కడే ముందుగా వెళతాడు. చేతికర్రతో పైకప్పును కొట్టి వింటాడు. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే ఎవరినీ రానివ్వడు. అంతా బాగుంటే సుద్దముక్కతో తన గుర్తు గీసి, "ఇగ రాండ్రి" అని పిలుస్తాడు. కాక రిటైరయ్యాక ఆ క్వార్టర్, ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపే చెల్లె పేర వచ్చింది. ఆ కర్రనూ, జేబులో సుద్దముక్కనూ మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

నేను మెకానిక్‌ని. కాలనీ వెనక రోడ్డు మీద నా షెడ్డు. హైదరాబాద్‌లో స్పోర్ట్స్ కార్లు బాగుచేసే గ్యారేజీలో కొన్నాళ్లు పనిచేసి తిరిగి వస్తూ, ఎవరికీ అక్కరలేని పాత రెండు సీట్ల కారొకటి వెంట తెచ్చుకున్నాను. ఇంజిన్ విప్పి, కొత్త వాల్వులు వేసి ప్రాణం పోశాను. దాన్ని రేసులో నడిపే ధైర్యం నాకు లేదు. చెల్లెకు అక్కరకు మించి ఉంది. డంపర్ దిగి ఈ కారులో కూర్చుంటే ఏనుగు దిగి మేకపిల్ల ఎక్కినట్టుందని నవ్వేది. సెలవులు దొరికినప్పుడల్లా హైదరాబాద్ అవతలి రేసు ట్రాక్‌కు వెళ్తానంది. కాకకు ఉన్నది ఆ ఒక్క బిడ్డే.

ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగదు. చెల్లె సీట్లో ఉంది. వాల్వులు టిక్‌టిక్‌మన్నాయి. బెంచీ మీద టీ తాగుతున్న కాక గ్లాసు విసిరేసి, "ఉర్కుండ్రి! బయటికి ఉర్కుండ్రి!" అని కేక పెట్టి, చెల్లె రెక్క పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చుకుపోయాడు. ఎందుకో తెలియకుండానే నేనూ ఉరికాను. ఎదురుగా ఇడ్లీ బండి దగ్గరున్నవాళ్లూ ప్లేట్లతో సహా ఉరికారు. గనిలో పైకప్పుకు ఆసరాగా నిలిపిన కర్ర దుంగ టిక్కుమంటే, కప్పు కూలబోతోందని అర్థమట. మా ఇంజిన్ మాత్రం ఖాళీ షెడ్డులో హాయిగా తిరుగుతూనే ఉంది.

అందరం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. "నవ్వుండ్రి. బాయిల గిసోంటి సప్పుడైతె ముందుగాల ఉర్కాలె. నవ్వుడు ఎనకసిరి" అన్నాడు.

మళ్లీ టీ తెప్పించి, కూర్చోబెట్టి వివరించాను. వాల్వు తోకకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య కాస్త సందు ఉంచుతాం. వేడికి లోహం సాగుతుంది కాబట్టి ఆ సందు ఉండాలి. అది ఉంటే కొద్దిగా చప్పుడు తప్పదు. స్పోర్ట్స్ కారు ఇంజిన్ మామూలు కారుకంటే చాలా వేగంగా తిరుగుతుంది. వాల్వు అదేపనిగా కొట్టుకుని, అది కూర్చునే చోటు అరిగి, సందు మూసుకుపోతుంది. అప్పుడు చప్పుడు తగ్గుతుంది. బండి భలే మెత్తగా నడుస్తోందని యజమాని మురిసిపోతాడు. లోపల చూస్తే ఆ వాల్వు పూర్తిగా మూసుకోలేక, అంచు కాలిపోతూ ఉంటుంది. ఏదో ఒకనాడు మంచి వేగంలో విరిగి పిస్టన్ మీద పడుతుంది.

"పడితె ఏమైతది?" అన్నాడు కాక.

"ఇంజిన్ పట్టేస్తది కాక. చక్రాలు తిరుగయి."

"మరి లోపట కూసున్నోళ్లు?"

చెల్లె టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"అంటె ఇది మాట్లాడుతున్నంత సేపు ఫికర్ లేదు. నోరు మూస్తెనే ఫికర్. గంతేనా?"

"గంతే కాక."

"సరే. ఇగ ఇనేది నా పని" అని కర్ర పట్టుకుని లేచాడు.

ఆ రోజు నుంచి కారు షెడ్డు దాటాలంటే ఆయన ఒప్పుకోవాలి. రేసుకు ముందు నేను పలుచని రేకు దూర్చి ఒక్కో సందూ కొలిచి, సరిచేసి, ఇంజిన్ స్టార్ట్ చేసేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత ముందు చక్రాల ఎదుట గచ్చు మీద సుద్దముక్కతో తన గుర్తు గీసి, "ఇగ పో బిడ్డా" అనేవాడు. చెల్లె తిరిగి వచ్చేదాకా దాన్ని ఎవరైనా తొక్కితే తిట్లు తినాల్సిందే. వచ్చాక ఆయనే చెప్పుతో తుడిచేసేవాడు. ఒకసారి చెల్లె తొందరపడి, గుర్తు పడకముందే గేరు వేసింది. కాక కారుకు అడ్డంగా నిలబడ్డాడు. "నా సర్వీసుల గుర్తు ఎయ్యకుంట ఒక్కన్ని లోపటికి పంపలే. నా బిడ్డను పంపుతనా?" అన్నాడు. చెల్లె ఇంజిన్ ఆపి బుద్ధిగా కూర్చుంది.

చిన్నమ్మ మాత్రం షెడ్డు ఛాయలకే వచ్చేది కాదు. "ఆయన బాయికి పోయినన్ని రోజులు దర్వాజల నిలవడి సూసిన. ఇప్పుడు బిడ్డకోసం సూస్తున్న. ఆ బండిని నాకు సూపెట్టకుండ్రి" అనేది.

పోయిన ఏడాది ఒక రేసుకు ముందు కాక చాలాసేపు విని, తల అడ్డంగా ఊపాడు. "మాట్లాడుతలేదు." మళ్లీ కొలిచాను. సందులన్నీ సరిగ్గా ఉన్నాయి. "మాట్లాడుతలేదంటున్న గద!" ఇంజిన్ మీది కవరు మళ్లీ విప్పాను. నడుము పట్టేసింది, చిరాకు నెత్తికెక్కింది. ఏదో అనబోయి ఆయన వైపు తిరిగితే, ఆయన నా పెదవులకేసి చూస్తున్నాడు. అప్పుడర్థమైంది. ఇంజిన్ బాగానే ఉంది, ఆయనకే వినిపించడం లేదు. గనిలో డ్రిల్లుల మోత, పేలుళ్ల మోత ఆయన చెవులను మెల్లమెల్లగా తినేస్తూ వచ్చాయి.

జీవితమంతా వినికిడినే నమ్ముకున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని ఆయన చెవి వెనక ఎముకకు తాకించాను. లోపలి చప్పుడు పట్టుకోవడానికి మెకానిక్‌లం అలాగే చేస్తాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన ముఖం విప్పారింది. "పలుకుతాంది! ఓ బిడ్డా, మంచిగ పలుకుతాందే!" చెల్లె స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేసింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ స్క్రూడ్రైవర్ మళ్లీ నా చేతికి రాలేదు. కర్రతో పాటు దాన్నీ పట్టుకుని తిరిగేవాడు.

చివరి రేసునాటికి ఆయనకు నడిచే ఓపిక లేదు. కుర్చీలో కూర్చోబెట్టి షెడ్డుకు మోసుకొచ్చాం. విన్నాడు, వంగి గుర్తు గీశాడు. చెల్లె తిరిగొచ్చిన సాయంత్రం మళ్లీ తీసుకుపొమ్మని ఒకటే పోరు. ట్రాక్ నుంచి తెచ్చి చిన్న లారీ మీంచి దింపిన కారును చెల్లె షెడ్డులోకి తెచ్చింది. స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని, "పలుకుతాంది" అన్నాడు. కుర్చీలోంచే కాలు చాచి గుర్తును తుడిచాడు. గనిలో షిఫ్టు ముగించినట్టే, "అందరు బయటికచ్చిండ్రు. ఇగ నన్ను ఇంటికి తీస్కపోండ్రి." ఆ పూట మామిడికాయ పప్పుతో ఎన్నడూ లేనంత ఇష్టంగా తిన్నాడని చిన్నమ్మ చెప్పింది. తెల్లవారేసరికి లేడు.

దినాలు అయ్యాక చెల్లె ఇక రేసులు మానేస్తానంది. చిన్నమ్మ సంతోషిస్తుందనుకున్నాం. ఆమె మండిపడింది. "మీ బాపు అన్ని సూసి పంపిండు గని, వద్దన్నడా ఎన్నడన్న?"

మొన్న మళ్లీ రేసు వచ్చింది. సందులు సరిచేసి ఇంజిన్ స్టార్ట్ చేశాను. అన్నీ బాగున్నాయి, అయినా చెల్లె గేరు వేయదు, నేను వేయమనను. ముందు గచ్చు ఖాళీగా ఉంది. అంతలో చిన్నమ్మ వచ్చింది, మొదటిసారి, చేతిలో ఆ స్క్రూడ్రైవర్‌తో. పిడి చెవి వెనక పెట్టించుకుని, "గీ టిక్‌టికేనా?" అంది. "గదే చిన్నమ్మా" అన్నాను. కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. కాక గుర్తు ఆమెకు రాదు. రోజూ వాకిట్లో వేసే చిన్న ముగ్గే వేసింది. "ఇగ పో బిడ్డా" అంది.

చెల్లె క్షేమంగా తిరిగొచ్చింది. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే చిన్నమ్మ ఉత్త కాలితో ఆ ముగ్గును తుడిచేసి, మాకంటే ముందు ఇంటిదారి పట్టింది. అడుగు ఎత్తినప్పుడల్లా ఆమె మడమకు అంటిన సుద్ద తెల్లగా కనిపించింది.