గోడవైపు తిరిగే ఆవు

మా తోడికోడలి కొట్టానికీ మా కొట్టానికీ మధ్య మొండిగోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీదుగా పదిహేడేళ్లుగా నేను ఆవిడ పాల క్యాను చూస్తూనే ఉన్నాను. అది ఎప్పుడూ నా క్యాను కంటే నిండుగానే ఉంటుంది.

నేను కె.జి.ఎఫ్. బంగారు గనిలో పనిచేసిన కార్మికుడి కూతురిని. బైరకూరు పక్కనున్న ఈ పల్లెకు కోడలిగా వచ్చిన మొదటి వారమే, నేను పేడ ఎత్తుతుంటే ఆవిడ పదిమందిలో నవ్వింది. "బంగారం తవ్వినోళ్ల బిడ్డకు పేడెత్తేది యాడ చేతనవుతాది?" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆవిడ ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. అదే నాకు ఇంకా మంట.

నిరుడు వానలు పడ్డాక ఊళ్లోకి గంటు రోగం వచ్చింది. ముందు జ్వరం, తర్వాత ఆవు ఒంటినిండా నిమ్మకాయలంత గడ్డలు. ఆవిడ సీమావుకూ నా సీమావుకూ ఒకే రోజు లేచాయి. మావాళ్లు దాన్నీ అమ్మవారు పోయడమనే అంటారు. మనిషికి చేసినట్టే కొట్టం గుమ్మానికి వేపమండలు కట్టాను, ఇంట్లో తాళింపు మానేశాను, పసుపూ వేపాకూ నూరి ఆవు ఒంటికి మందంగా పట్టించాను. అమ్మ పోసిన ఒంటికి సూది తగలకూడదని మా అత్త చెప్పేది.

ఆవిడా వేపమండలు కట్టింది. కానీ పశువుల డాక్టరుకు ఫోను కూడా చేసింది. ఆయన వచ్చినప్పుడు గోడకు ఇవతల నిలబడి విన్నాను.

"గడ్డలు లేపిన వైరస్సుకు మందు లేదమ్మా. అది దానంతట అదే తగ్గాల. అయితే గడ్డ పగిలినచోట ఇంగో క్రిమి దూరి చీము పట్టిస్తాది. దానికి సూది ఉండాది. ఆవును పడేసేది శానా తూర్లు ఆ రెండోదే."

తర్వాత ఆవిడ గోడ మీదుగా కేకేసింది. "మే, డాక్టరప్పను నీ కాడికీ పంపిస్తా ఉండా. చూపించుకో."

పంపిస్తా ఉందట! ఆవిడ వాడుకోగా మిగిలిన డాక్టరు నాకు. నా ఆవు మేత మానిన సంగతి తెలిసీ, ఫోను చేసేముందు నన్నొక్క మాట అడగలేదు. ఆయన గుమ్మందాకా వస్తే, "మా ఆవుకు అమ్మ పోసింది సార్, సూది వద్దు" అని పంపేశాను. నిజం చెప్పాలంటే, ఆయన ముందు నా కొట్టానికే వచ్చి ఉంటే అమ్మవారు నాకు అంతగా గుర్తొచ్చేది కాదు.

వారం తిరిగేసరికి ఆవిడ ఆవు పుండ్లు ఎండి పక్కు కట్టాయి. నా ఆవుకు పసుపు ముద్ద కిందే గడ్డలు పగిలి చీము పట్టాయి. ముందుకాలు వాచింది. పొదుగు మీదా పుండ్లే. ఈగలు, వాసన. పడుకున్నది లేవలేదు. గోడ అవతల ఆవిడ ఆవు గడ్డి నములుతున్న చప్పుడు వింటుంటే, నా ఆవు మీద జాలి కంటే ఆ చప్పుడు మీద కోపమే ఎక్కువ వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

వాసన పట్టుకుని ఆవిడే వచ్చింది. వేపమండ పక్కకు నెట్టి లోపలికొచ్చింది.

"ఏం మే, ఇంత చీము పెట్టుకోని నోరెత్తకుండా ఉండావే! నా మీద పంతానికి ఈ మూగదాన్ని చంపుతావా?"

"నీ ఆవు బాగుండాది గదక్కా. నీకెందుకు?"

"అది బాగుండాది కాబట్టే నాకు తీరికుండాది. నీళ్లు కాగబెట్టుపో."

ఆవిడ ఫోను చేస్తే డాక్టరు మళ్లీ వచ్చి వరసగా ఐదు రోజులు సూది వేశాడు. పుండ్లు కడిగి మందు పూసింది మాత్రం ఆవిడే. నేను ముట్టుకుంటే ఆవు కాలు విదిలించేది. పచ్చిపుండు మీద పసుపు రుద్దిన చేయి నాదే మరి. ఆవిడ ముట్టుకుంటే మెడ చాచేది. నేను నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను.

ఆవు బతికింది. ఒక చన్ను ఎండిపోయింది. దాన్ని బతికించింది ఆవిడేనని ఊరంతా అంటుంది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు పొద్దున పాలకు కూర్చుంటే నా చేతికి ఆవు చేపదు. గోడ అవతల ఆవిడ తన ఆవును అదిలించే గొంతు వినబడాలి. అప్పుడు చెవులు నిక్కించి అటు తిరుగుతుంది, పాలు దిగుతాయి. చెంబు ఒళ్లో పెట్టుకుని రోజూ ఆ గొంతు కోసం కాచుకుంటాను. ఈ సంగతి ఆవిడకు తెలియదు. తెలియనివ్వను.